బొట్టు పెట్టిన డిస్కులు

మా సిస్టమ్స్ సార్ పోయారు. ఈ ముక్క రాసి అరగంటయింది. నాకింకా నమ్మకం కుదరడం లేదు. సోమవారం సాయంత్రం ఫోన్ చేసి, సర్వర్‌లో ఒక డిస్కుకు పచ్చ లైటు ఆరిపోయి పసుపు లైటు వెలుగుతోందని చెప్పాను. "వెలగనీలేమ్మా. రేపొచ్చి మారుస్తా. అంతవరకూ దాన్నెవురూ ముట్టుకోవద్దండి" అన్నారు. మంగళవారం పొద్దున కదిరి బస్టాండులో బస్సెక్కబోతూ కుప్పకూలిపోయారట. గుండెపోటు. యాభై నాలుగేళ్లు. కబురు తెచ్చిన అంబులెన్స్ డ్రైవర్ మీద నేను అరిచాను, "నిన్న సాయంత్రం నాతో మాట్లాడినారప్పా!" అని. ఆ మాట అంటే కబురు అబద్ధమైపోతుందని అప్పుడు నాకు నిజంగానే అనిపించింది.

ఆ డిస్కును నేనే మార్చాను. ఆయన నేర్పిన పనే. అయినా పది నిమిషాల పనికి గంట పట్టింది.

పల్లెల కోసం ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి మాది. సార్‌ను చూసినవాళ్లెవరూ కంప్యూటర్ల మనిషి అనుకోరు. ఎండాకాలం దుమ్ము రాకుండా సర్వర్ గది కిటికీకి తడి గోనెపట్టా కట్టి, దాని మీద చెంబుతో నీళ్లు చల్లుతూ కనబడేవారు. ఏదైనా చెడిపోతే మొదట టీ తెప్పించుకునేవారు. తర్వాత తెర మీద వచ్చిన తప్పు సందేశాన్ని, ఊరినుంచి వచ్చిన ఉత్తరంలాగా, పైకి మూడుసార్లు చదివేవారు. నాకు ఒళ్లు మండేది. అక్కడ కొంప మునుగుతుంటే ఈయన చదువుతున్నాడేమిటని. "మిషన్ ఏమంటాందో ముందు పూర్తిగా ఇనల్లమ్మా. మధ్యలో మనం మాట్లాడకూడదు" అనేవారు.

సర్వర్‌లో సొరుగుల్లా బయటికి వచ్చే డిస్కులు నాలుగుండేవి. నాలుగూ కలిసి ఒకే డిస్కులా పనిచేస్తాయి. దాన్నే రెయిడ్ అంటారు. నేను ఆయన కింద అసిస్టెంటుగా చేరిన కొత్తలో చెప్పిన పాఠం ఇంతే: "నలుగురూ మాటను పంచుకోని దాచిపెడతారు. ఒగడు చచ్చినా మిగతా ముగ్గురూ కలిసి వాని మాట గూడా చెప్తారు. అయితే ఎవుడు యాడ నిలబడినాడో తెలియల్ల." చివరి మాటను నేను సరిగా వినలేదు.

నేను చేరి మూడు నెలలకు దసరా వచ్చింది. ఆయుధ పూజకు సార్ గుమ్మఘట్టలో ఉన్న వాళ్లక్క ఇంటికి వెళ్లారు. ఆసుపత్రికి సెలవు. అంబులెన్సు కడుగుతున్నారు, స్ట్రెచర్లకు పసుపు కుంకుమ పెడుతున్నారు. మా నాయన ముదిగుబ్బ దగ్గర గొర్రెలు కాస్తాడు. ఆ రోజున ఆయన బొచ్చు కత్తిరించే కత్తెర సీల ఊడదీసి, రెండు ముక్కలూ తుడిచి, దేనికది బొట్టు పెట్టి మళ్లీ బిగిస్తాడు. పైపైన బొట్టు పెడితే అది పూజే కాదంటాడు. నేనూ అదే భక్తితో సర్వర్ ఆపి, నాలుగు డిస్కులూ బయటికి లాగి, పేపర్ పరిచి వరసగా పెట్టి, మెత్తటి గుడ్డతో ఎర్రదుమ్ము తుడిచి, ఒక్కోదాని వీపు మీద తడి కుంకుమ బొట్టు పెట్టాను. ఊదుబత్తి తిప్పి మళ్లీ లోపలికి తోశాను. నాలుగూ అచ్చం ఒకేలా ఉన్నాయి. ఏది యాడ పెడితే ఏముందిలే అనుకున్నాను.

సర్వర్ ఆన్ చేస్తే, డిస్కులే లేవంది.

అప్పటికి ఏడాది ముందే ఆసుపత్రిలో కేసు కాగితాలు మానేశారు. రోగి చేతిలో నంబరు రాసిన చిన్న అట్టముక్క ఒక్కటే ఉండేది. ఎవరికి టీబీ మందు ఎన్నో నెల, ఎవరికి ఏ ఇంజెక్షన్ పడదు, ఫిట్సు వచ్చే పిల్లవాడికి ఎంత డోసు, అన్నీ ఆ సర్వర్‌లోనే. నకలు తీసే టేపు దుమ్ముకు చెడి, నాలుగు నెలలుగా ఎక్కిందేదీ చదవడం లేదు. దసరా దాటిన తెల్లారే ఓపీ.

సర్వర్ లేవడం లేదని ఫోన్ చేస్తే, మరునాడు మధ్యాహ్నానికి సార్ దిగారు. టీ వచ్చింది, మూడుసార్లు చదవడం అయింది. "ఎవురన్నా ముట్టుకున్న్యారామ్మా?" అని అడిగారు.

"లేదు సార్" అన్నాను.

మా ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషిని నేను. అదొక్కటే తలలో ఉంది.

సార్ నా మాట నమ్మారు. కంపెనీ ఇంజనీరు ఫోన్‌లో, లోపలి కార్డు పోయుంటుంది, కొత్తది వేసి డిస్కులు మొదట్నుంచి తయారుచేసుకోండి అన్నాడు. అలా చేస్తే అన్నీ చెరిగిపోతాయి. ఇక దారి లేదనుకుని, కంపెనీకి చెప్పాల్సిన నంబరు రాసుకోవడానికి సార్ ఒక డిస్కు బయటికి లాగారు. దాని వీపు మీద నా బొట్టు ఉంది. డిస్కు బయటికి తీయకుండా ఎవరూ పెట్టలేని చోట.

సార్ దాన్ని కాసేపు చూశారు. "బొట్టు బాగా పెట్టినావమ్మా" అన్నారు, గొంతు పెంచకుండా. "ఇంగ యాడ కూర్చోని పెట్టినావో చూపీ."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఏడ్చేదుంటే సాయంత్రం ఏడుద్దువు. ఇప్పుడు కూర్చో" అన్నారు.

నాలుగు డిస్కులను ఇరవై నాలుగు రకాలుగా పేర్చవచ్చు. తప్పు వరసలో నడిపిస్తే సర్వర్ తానే ఏదో సరిచేయబోయి, ఉన్నదాని మీద రాసేస్తుంది. సార్ మిగతా డిస్కులు కూడా తీసి ట్యూబ్‌లైటు కింద పెట్టారు. ఒక బొట్టు ముదురుగా ఉంది, ఒకటి కొంచెం తక్కువ, ఇంకొకటి ఇంకా తక్కువ, ఆఖరిది వెలిసినట్టుంది. "ఒకసారే కుంకుమ అద్దుకోని నాలుగింటికీ పెట్టినావు. ముదురుది ఏ కొసన ఉండె?"

"ఎడమ కొసన సార్. మొదటి అరలోదే. అక్కడ్నుంచే మొదలుపెట్టినా."

సార్ డిస్కులకు బదులు నాలుగు ఖాళీ మందుల అట్టపెట్టెలు పెట్టారు. పేపర్ పరిపించారు, కుంకుమ తెప్పించారు. "నిన్న చేసినట్టే చెయ్. మాట్లాడొద్దు."

చేశాను. పెట్టెలను ఎడమనుంచి తీసి వరసగా పరిచాను. కుంకుమ గిన్నె నా కుడిపక్కన పెట్టుకున్నాను. వేలు అద్దుకోగానే నా చెయ్యి కుడి కొసన ఉన్న పెట్టె మీదికి పోయింది. మళ్లీ చేయించారు. మళ్లీ కుడికే. మూడోసారీ అంతే. నాకు భయమేసింది, నా మాటే నాకు అబద్ధంగా కనబడి.

"నోరు చెప్పింది పక్కన పెడదాం. చెయ్యి చెప్పింది రాసుకుందాం" అన్నారు సార్. ముదురు బొట్టును ఆఖరి అరలో పెట్టి, మధ్య రెండూ అదే వరసలో సర్ది, వెలిసినదాన్ని మొదటి అరలోకి తోశారు. సీడీ పెట్టి సర్వర్ లేపారు. "చదవమని మాత్రమే అడుగుదాం. రాయమని అడగద్దు."

తెర మీద రోగుల పేర్లు వచ్చాయి. మొదటి పేరు, ఊరు సార్ పైకి చదివారు. ఇంకో పేరు, ఇంకో ఊరు. పది పేర్లు చదివాక గాని టీ సంగతి గుర్తు రాలేదాయనకు.

అంతలో పెద్ద డాక్టర్ గారు వచ్చి, "ఎవరు చేసిన పని ఇది?" అన్నారు.

"నేనే డాక్టర్. ఊరికి పొయ్యే ముందర తుడిచి, బొట్టు పెట్టినా. వరస తప్పినట్టుండాది" అన్నారు సార్.

నేను నోరు తెరిచాను. "అమ్మా, ఆ గ్లాసులు తీస్కపో" అన్నారు నావైపు చూడకుండానే. నేను గ్లాసులు తీసుకుని వెళ్లిపోయాను. ఆయనకు మెమో ఇచ్చారు. మరుసటేడు ఆయనకు రావలసిన హెడ్ పోస్టులో బయటినుంచి తెచ్చి వేరే మనిషిని పెట్టారు. ఉండబట్టలేక ఒకసారి అడిగితే, "నిన్నైతే పంపించేస్తారు, నన్నైతే తిట్టి ఊరుకుంటారు. ఇంగ ఆ మాటెత్తద్దు" అన్నారు. ఎత్తలేదు. ఎనిమిదేళ్లు ఆయన పక్క కుర్చీలోనే కూర్చుని ఎత్తలేదు. ఎప్పుడో ఒకప్పుడు పెద్ద డాక్టర్ గారికి చెబుదాంలే, సార్ రిటైరయ్యే రోజు చెబుదాంలే అనుకుంటూ గడిపేశాను. సిగ్గుగా ఉంది.

గురువారం ఆసుపత్రిలో సంతాప సభ పెట్టారు. సార్ భార్య ముందు వరసలో కూర్చున్నారు. రిటైరైన పెద్ద డాక్టర్ గారు వచ్చి చాలా మంచిగా మాట్లాడారు. "అంత జాగ్రత్త మనిషి సర్వీసంతా కలిపి ఒక్కటే తప్పు చేసినాడు. అది కూడా దసరా భక్తితో!" అన్నారు. అందరూ ప్రేమగానే నవ్వారు. నేను నిలబడ్డాను. "ఆ తప్పు నాది సార్. డిస్కులు తీసింది నేను. ఆయన ఊళ్లోనే లేరు" అన్నాను. ఇంకా ఏదో అన్నాను. గుర్తు లేదు. ఎవరో నన్ను కూర్చోబెట్టారు.

సభ అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చారు. కోప్పడతారనుకున్నాను. నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇంట్లో గూడా తానే చేసినానని చెప్పినాడమ్మా" అన్నారు. "నేను నమ్మినా. ఎనిమిదేండ్లూ ఆయుధ పూజకు ఆయన్ను ఇంట్లో ఒక్క వస్తువును ముట్టుకోనిచ్చింది లేదు నేను. నువ్వు ముట్టుకుంటే చెడిపోతాది, దూరంగా నిలబడు అని అందరి ముందరా అంటాంటి. ఒక్క మాట అనలేదే! నేను మిక్సీకి బొట్టు పెడతాంటే, చేతులు ఎనక్కి కట్టుకోని, వంటింటి గడప అవతల నిలబడి నవ్వుతాండె."