పెద్దమ్మ చేతి వణుకు, చుట్టాల తొందర

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు సొంత అక్క, పోయిన వారం జగిత్యాల దగ్గర తన ఊళ్లోనే కన్నుమూసింది. ఆ కబురు నాకు చుట్టాల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. దాని కింద దీపాల బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చి పడ్డాయి. బతికినన్నాళ్లు ఆమెను ఒక గ్లాసు చాయ్ నెమ్మదిగా తాగనివ్వనివాళ్లంతా ఆమె ఆత్మకు శాంతి కలగాలని రాశారు. ఇప్పుడెందుకు శాంతి? అది ఆమెకు కావలసింది పార్కిన్సన్స్‌తో బతికిన ఆ ఏళ్లలో. అప్పుడు ఎవరూ ఇవ్వలేదు, సలహాలు మాత్రం సంచులకొద్దీ ఇచ్చారు.

మొదట కుడి చెయ్యి వణికింది. తర్వాత అడుగులు చిన్నవయ్యాయి, గడప దగ్గరికి వస్తే కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. కరీంనగర్‌లో నరాల డాక్టరు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఈ జబ్బు పూర్తిగా పోదు, గోలీలు వేళకు వేసుకోవాలి, రోజూ నడవాలి, కంగారు పెరిగితే వణుకు పెరుగుతుంది కాబట్టి ఈమెను తొందరపెట్టకండి అన్నాడు. మావాళ్లు ఘనులు కదా, ఆ చివరి మాటను తమకు కావలసినట్టు తిప్పుకున్నారు. తొందరపెట్టొద్దని డాక్టరు వాళ్లకు చెబితే, టెన్షన్ పడొద్దని వాళ్లు ఆమెకు చెప్పడం మొదలుపెట్టారు.

మస్కట్‌లో ఉండే మరిది వీడియో కాల్ చేసి, ఏదీ వదినె, చెయ్యి చూపియ్యి, తగ్గిందా అని అడిగేవాడు. అలా అడిగి చూస్తే ఎవరి చెయ్యి ఆగుతుంది? వణికేది. చూసినవా, టెన్షన్ తీసుకుంటున్నవు అని అక్కడి నుంచే తేల్చేసేవాడు. ఒకావిడ తాయెత్తు తెచ్చి కట్టింది. ఇంకొకాయన చలికాలంలో బాసర తీసుకుపోయి గోదావరిలో మునకలు వేయిస్తే వణుకు పోతుందన్నాడు. ఆ చలిలో మునిగితే వణుకు లేనివాడికి కూడా వస్తుందని ఆ పెద్దమనిషి బుర్రకు తట్టలేదు. వీళ్లందరినీ మించింది మా చిన్నమ్మ, పెద్దమ్మకు తోడికోడలు. పెద్దమ్మ అన్నం కలుపుకుంటుంటే సరిగ్గా ఎదురుగా కూర్చుని, కిందపడిన ప్రతి మెతుకుకూ అయ్యో అనేది. జాలి అంటే అదే అనుకుంది పాపం. దాన్ని మామూలుగా తమాషా చూడడం అంటారు.

పెద్దమ్మకు ఏడుపు రాక కాదు. వస్తే పెరట్లోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి పని చూసుకునేది. ఒకేసారి రెండు పనులు పెట్టుకునేది కాదు. నడుస్తూ మాట్లాడేది కాదు, మాట్లాడాలంటే ఆగేది. తిండికి ముందు గోలి వేసుకుని అది పట్టేదాకా వాకిట్లో కూర్చునేది, అప్పుడు కలెక్టరు వచ్చినా లేచేది కాదు. గడప దగ్గర కాళ్లు ఆగిపోతే బతుకమ్మ ఆడేటప్పటి అడుగును తలచుకుని, గొంతులోనే రాగం తీసుకుంటూ దాటేది. వెనక పెద్దబాపు, అంటే ఆమె భర్త, నిలబడి జల్ది, జల్ది అంటే ఆ అడుగు కూడా చెడిపోయేది. ఒకసారి నా ముందే ఆయనతో అన్నది:

"నన్ను ఆపింది బీమారి కాదు, నీ జల్ది. నువ్వు జర పోయి చాయ్ తాగిరాపో, నేనే దాటుత."

ఆయన హోటలుకు పోయాడు. ఆమె దాటింది.

ఎదురుగా కూర్చుని చేతినే చూసేవాళ్ల ముందు ఆమె చిక్కుడుకాయలో వెల్లుల్లిపాయలో గుమ్మరించేది. "చూసెటోళ్ల చేతికి పనిస్తే నా చెయ్యి ఊకుంటది బిడ్డా" అని నాతో అన్నది. యోగా వీడియోలు పంపే మేధావులకు తెలియని వైద్యం ఇది. ఆఫీసులో పై అధికారి నా నెత్తి మీద నిలబడినప్పుడల్లా నాకు ఈ మాటే అక్కరకొస్తుంది, ఆయనకు ఏదో ఒక ఫైలు ఇచ్చి పంపేస్తాను.

ఇంత గట్టి మనిషి బెదిరిపోగా ఒక్క రోజే చూశాను. ఆమె కూతురికి, నేను అక్కా అని పిలిచే మనిషికి, ఒడిబియ్యం పోసే రోజు అది. పెళ్లయిన ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, ఆమె చాచిన కొంగులో పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో పోస్తారు. మొదటి దోసిలి తల్లిది. అయితే గింజలు నేల మీద పడితే ఆడబిడ్డకు మంచిది కాదని మావాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. ఎవరు రాసిన శాస్త్రమో వాళ్లకే తెలియాలి. చిన్నమ్మ అప్పటికే పట్టుచీర కట్టుకుని, పిలుపు రావడమే ఆలస్యం అన్నట్టు తయారుగా ఉంది. చివరికి అక్క కూడా తలవంచుకుని తల్లితో, అవ్వా, చిన్నమ్మ పోస్తది తియ్యి, నువ్వు పరేషాన్ కావద్దు అన్నది.

పెద్దమ్మ చెయ్యి భుజం దాకా వణికింది. ఊరందరి మాటలూ మోసిన మనిషి ఆ ఒక్క మాట మోయలేకపోయింది. కూతురికి మొదటి దోసిలి పోయడం కూడా పోతే ఆమెలో తల్లి పోయి రోగి ఒక్కతే మిగులుతుంది. అది ఆమెకు తెలుసు, నాకూ కనిపించింది. కాసేపటికి కుర్చీలో కూర్చుని నన్ను నీళ్లు అడిగింది, గోలి మింగింది. వేళ మించిపోతున్నదని ఒక పెద్దాయన గడియారం చూపించాడు.

"గడియారం ముహూర్తం మీది. నాది గోలి ముహూర్తం. పట్టినంక పోస్త. నా బిడ్డకు నేనే పోస్త."

ఆ తర్వాత చూడడానికి చేరిన ఆడవాళ్లకు తలా ఒక పని చెప్పింది. చిన్నమ్మకు తమలపాకులు తుడిచే పని పడింది. పట్టుచీరలో మూతి ముడుచుకుని ఆమె ఆకులు తుడుస్తుంటే నా కడుపు నిండింది, దాచుకోవడం ఎందుకు?

గోలి పట్టింది. చేతులు కొంత నెమ్మదించాయి కానీ పూర్తిగా ఆగలేదు, ఏ మందుకూ అవి పూర్తిగా ఆగేవి కావు. మొదటి దోసిలిలో కొన్ని గింజలు చాప మీద పడ్డాయి. వెనక ఎవరో నాలుక చప్పరించారు. అక్క తలెత్తింది. నాలుక చప్పరించినవాళ్ల వైపు చూడలేదు, తల్లి మొహంలోకి చూసింది.

"నిమ్మళంగ పొయ్యి అవ్వా" అన్నది.

పీట దిగొద్దని ఎవరో అంటున్నా వినకుండా దిగి, మోకాళ్ల మీద తల్లి దగ్గరికి జరిగింది. పెద్దమ్మ రెండో దోసిలి ఎత్తింది, తొందరపడలేదు. ఆ చేతులు ఎటు ఊగితే అక్క తన కొంగు అటు పట్టింది.