మొదటి పేజీ

నల్లగొండలో బి.ఏ. చదివేటప్పుడు మాకు చరిత్ర చెప్పిన లెక్చరరు గారిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా నోట్సులకు ఇరవైకి మార్కులు వేసేవారు. బొటనవేలు తడి చేసుకుని అట్ట తిప్పి, ఎర్ర పెన్సిలు ఆనించి, "మొదటి పేజీ చూస్తే చాలు, మనిషెంతో తెలిసిపోతుంది" అనేవారు. ఆయన రెండో పేజీ తిప్పగా నేను చూడలేదు.

నా పక్కన కట్టంగూరు రైతుబిడ్డ కూర్చునేవాడు. నిజాం కాలపు ఉర్దూ బడిలో చదివినవాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పే పాఠాన్ని చకచకా ఉర్దూలో రాసుకునేవాడు. ఉర్దూ పుస్తకం మనకు చివరి పేజీ అయిన చోట మొదలవుతుంది. ఓ రోజు లెక్చరరు గారు వాడి పుస్తకాన్ని మన వైపు నుంచి తెరిచారు. తెల్ల కాగితం కనిపించింది. సున్నా చుట్టారు.

"సార్, జర అటు దిక్కు నుంచి తెరిచి చూడుండ్రి. అంతా రాసిన" అన్నాడు వాడు.

"ఖాళీ పుస్తకానికి అటేమిటి, ఇటేమిటి?" అంటూ పుస్తకాన్ని బల్ల మీంచి కిందికి తోసేశారు.

తర్వాత నా పుస్తకం తెరిచి పద్దెనిమిది వేశారు. క్లాసులో నాకే ఎక్కువ. ఆయన ఇంగ్లీషు వేగం నాకు అందేది కాదు. వాడు రోజూ తన పుస్తకం చూసి తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాసుకున్న నోట్సు అది.

వాడు పుస్తకం తీసుకుని దుమ్ము దులిపాడు. "పోనీ తియ్, నాకు పద్దెనిమిదొచ్చినట్టే గద" అన్నాడు మెల్లగా.

ఆ మాటైనా నేను లేచి ఆయనతో చెప్పలేదు.