చెట్లను పరామర్శించే హబీబుల్లా

ఎక్కడ ఏ చెట్టు ఆకు పాలిపోయినా సరే, ప్రొద్దుటూరు హబీబుల్లా పరామర్శకు వెళ్లేవాడు. మనుషులు పోయిన ఇంటికి ఎలా వెళ్తారో అలాగే. చెప్పులు గట్టు మీద విడిచి, టోపీ సరిచేసుకొని, చెట్టు ముందు కాసేపు తల వంచుకొని నిలబడేవాడు. ఒక లేతాకు తెంపి ఎండకు పట్టి చూసేవాడు. చివరికి యజమాని భుజం మీద చెయ్యి వేసి, "బతకదప్పా" అనేవాడు. ఒక్క చెట్టు గురించైనా అతడు వేరే మాట అనగా విన్నవాళ్లు పులివెందుల వైపు ఎవరూ లేరు.

ఆ చెయ్యి భుజం మీద పడటం ఇంకో నష్టం. అతడిది అద్దకం పని, అందులోనూ నలుపు. కరక్కాయ కషాయంలో ముంచిన గుడ్డను అన్నభేది అనే ఇనుప ఉప్పు కలిపిన నీళ్లలో ముంచితే కాకి కూడా సిగ్గుపడే నలుపు వస్తుంది. ముప్పై ఏళ్లు ఆ రెండు తొట్ల మధ్య బతికిన చేతులు మోచేతి దాకా నల్లగా ఉండిపోయాయి. సబ్బుతో రుద్దితే సబ్బు నల్లబడేది. ఏ ఊళ్లోనైనా చొక్కా భుజం మీద ఐదు వేళ్ల మచ్చ కనిపించిందంటే, పాపం ఆ మనిషి తోటకు జబ్బు చేసిందని జనం జాలిపడేవారు.

వారానికోసారి గుడ్డల మూట బస్సు మీద వేసుకొని వేముల, తొండూరు వైపు అమ్మకానికి వచ్చేవాడు. నల్లగుడ్డ, నల్లచేతులు, నల్లమాట. అతడు ఎదురొస్తే కొందరు ఇంట్లోకి తిరిగివెళ్లి, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరేవారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడో ఏడు, వేములలో బడిపంతులు నాగభూషణం అయివారి చీనీతోట, అంటే బత్తాయితోట, పసుపెక్కింది. నలభై చెట్లు, ఆరేళ్ల వయసువి. పాత ఆకులు బాగానే ఉన్నాయి. లేతాకులకు మాత్రం ఈనెలు పచ్చగా మిగిలి, తక్కినదంతా పాతకాగితంలా పాలిపోయింది. పార వేస్తే మూరెడు లోతున తెల్లటి సున్నపు సుద్ద తగిలే నేల అది. అయివారు రోజూ బడికి వెళ్లేముందు తోటలో ఒక చుట్టు తిరిగి, హాజరు పిలిచినట్టు చెట్లన్నిటినీ పేరుపేరునా పలకరించి వెళ్లే మనిషి. అవి పాలిపోతుంటే అతనికి అన్నం దిగడం మానేసింది.

పొలంలో సగం అన్న కోదండపాణిది. ఆయన వచ్చి చూసి, ఒక కొమ్మ విరిచి, "ఉగాది దాకా చూస్తా తమ్ముడూ. అప్పటికీ ఇట్లే ఉంటే అన్నీ కొట్టేసి చెనక్కాయ ఏద్దాం" అని తీర్పు చెప్పి వెళ్లిపోయాడు.

అయివారికి తెలిసిన వైద్యం ఒక్కటే, నీళ్లు. చెట్టు పసుపెక్కినకొద్దీ నీళ్లు పెంచాడు. పొద్దునా సాయంత్రం ఎద్దులతో కపిల తోలించి బావినీళ్లు తోడించాడు. ఎద్దులు చిక్కిపోయాయి. పాదుల్లో కప్పలు కాపురం పెట్టాయి. లేతాకులు మాత్రం ఇంకా తెల్లబడ్డాయి.

కార్తీకంలో ఒక మంగళవారం హబీబుల్లా గట్టు మీద చెప్పులు విడిచాడు. బావి దగ్గర ఉన్న అయివారి భార్య శాంతకుమారి నొసలు చిట్లించింది.

"గుడ్డేం వద్దన్నా. ఇంట్లో అందరం బాగుండాం."

"గుడ్డకు రాలేదు తల్లీ. చెట్లను చూసిపోదామని."

"చెట్లూ బాగుండాయి."

"ఎవురు చెప్పినారు?"

హబీబుల్లా అన్నిటికంటే పెద్ద చెట్టు ముందు తల వంచుకొని నిలబడ్డాడు. లేతాకు ఎండకు పట్టాడు. ఇనస్పెక్టరు ముందు నిలబడ్డ కొత్త పంతులులా అయివారు పరుగున వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఎట్లుంది మామా?"

"బతకదప్పా."

"ఇదొక్కటేనా?"

"ఇది పెద్దది గదా, ముందు పోతాది. తక్కినవి దీని ఎనకాల."

"నీ నోట్లో..." అని మొదలుపెట్టిన శాంతకుమారి, తోటకు వచ్చిన మనిషి కాబట్టి, "చక్కెర పొయ్య" అని ముగించింది.

"దినామూ రెండు పూటలా నీళ్లు కడతాండా మామా. ఇంకేం జేయాల?"

"పోయేదానికి నీళ్లెందుకు అయివారూ? పోయేటోని నోట్లో తులసితీర్థం రెండు చుక్కలు పోస్తారు గానీ కడవ గుమ్మరిస్తారా? విప్పెయ్. ఎద్దులన్నా బతుకుతాయి."

ఆ మాటతో అయివారికి ఉన్న కాస్త ఓపికా పోయింది. ఆ సాయంత్రమే ఎద్దులను కపిల నుంచి విప్పాడు. ఆపైన పదిరోజులకోసారి, అదీ శాంతకుమారి పోరితే, ఒక తడి కట్టేవాడు. బడికి వెళ్లేముందు తోటలోకి వెళ్లడం మానేశాడు. భుజం మీద ఐదు వేళ్ల మచ్చ ఉన్న చొక్కాను ఉతకడానికి కూడా వేయలేదు.

మరుసటి మంగళవారం హబీబుల్లా ఒక డబ్బా, ఒక ఇత్తడి పిచికారీ తెచ్చాడు.

"ఎట్లాగూ పోయేవే గదా అయివారూ. మా ఈదిలో తొట్లు కడిగిన నీళ్లు కాలవలో పోస్తే ఇరుగుపొరుగు కొట్లాటకొస్తాండారు. ఈటి మీద చల్లిపోతా. నీకేం నష్టం?"

ప్రొద్దుటూరు నుంచి వేముల దాకా బస్సు మీద మురుగునీళ్లు మోసుకొచ్చిన మనిషిని అయివారు అంతకుముందు చూడలేదు. కాదనడానికి కూడా మనసు లేక, చెయ్యి ఊపి ఊరుకున్నాడు. హబీబుల్లా కడవ నీళ్లలో డబ్బాలోది గిద్దెడు పోశాడు. లేత ఆకుపచ్చ రంగు వచ్చింది. అందులో ఒక నిమ్మకాయ పిండి, వేలితో నాలుకకు రాసుకొని మొహం వికారంగా పెట్టి, సరిపోయిందన్నట్టు తల ఊపాడు.

శాంతకుమారి కళ్లు అంత తేలిగ్గా మోసపోయేవి కావు.

"మురుగునీళ్లలో నిమ్మకాయ ఎందుకన్నా?"

"వాసన పోనీకి."

"పొద్దు గూకేటప్పుడే చల్లుతాండావే?"

"అప్పుడైతే ఎవురూ చూడరని."

"ఆకు అడుగున గూడా చల్లుతాండావు?"

"పైన సోటు సాల్లేదు తల్లీ."

పదిహేను రోజులకోసారి, నాలుగుసార్లు అలా చల్లిపోయాడు. వచ్చిన ప్రతిసారీ పెద్దచెట్టు ముందు తల వంచుకొన్నాడు. ప్రతిసారీ అదే మాట. ఇంట్లో శాంతకుమారి అతనికి 'బతకదప్ప' అని పేరు పెట్టింది. "బతకదప్ప వచ్చినాడు, చెంబులో మంచినీళ్లు పెట్టినా" అనేది మొగునితో.

మాఘంలో చెట్లు కొత్తచిగురు వేశాయి. ఆ సంగతి అయివారికి భార్యే చెప్పాలి, అతడు తోట మొహం చూసి నెలయింది. బలవంతాన లాక్కొచ్చింది. అయివారు ఒక లేతాకు తెంపి ఎండకు పట్టాడు. ఈనెలు, ఈనెల మధ్య సందులు, అంచులు, అంతా ఒకటే పచ్చ. రెండోచెట్టు దగ్గరికి వెళ్లాడు. మూడోది. నలభై చెట్లూ హాజరు పలికాయి. ఉగాదికి కోదండపాణి వచ్చి, తోటంతా తిరిగి, పచ్చడి రుచి చూసి, చెనక్కాయ ఊసెత్తకుండా వెళ్లిపోయాడు.

హబీబుల్లాను మాత్రం కదిలించలేకపోయారు.

"ఇప్పుడేమంటావు మామా?"

"ఆరిపోయే ముందు దీపం ఒకసారి ఎక్కువ ఎలుగుతాదప్పా."

ఆ వేసవిలో అయివారు ఏదో పని మీద జమ్మలమడుగు వెళ్లాడు. బస్టాండులో అల్లాబక్ష్ అనే ఆయన చీనీకాయలు అమ్ముతున్నాడు. అయివారి భుజం మీది మచ్చను చూడగానే నవ్వాడు.

"నీకూ చెప్పినాడా బతకదని?"

"నీకు గూడా చెప్పినాడా?"

"నాలుగేండ్ల కిందట. ఇయ్యన్నీ ఆ సచ్చిపోయిన చెట్ల కాయలే. తీపి, తీసుకో."

అయివారు కాయ తీసుకోలేదు. ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

హబీబుల్లా పెరట్లో నల్లగుడ్డలు తీగ మీద ఆరుతున్నాయి. వాటి కింద ఒక నిమ్మచెట్టు నిగనిగలాడుతోంది. తొట్టి దగ్గర గొంతుకూర్చున్న మనిషి లేవకుండానే తల ఎత్తాడు.

"చెట్లు పోయినాయా?"

"బతుకుతాయని నీకు ముందే తెలుసు. ఎందుకు మామా, నాలుగు నెలలు నన్ను ఏడిపిస్తివి?"

హబీబుల్లా చేతిలోని గుడ్డ పిండాడు. తర్వాత నిమ్మచెట్టు పక్కన ఖాళీగా ఉన్న పాదును చూపించాడు.

"ఆడ ఇంకో చెట్టుండె. మా మైమూన్ పెట్టింది. ఆమె పోయినాక అది పసుపెక్కె. దినామూ రెండు కడవలు పోస్తి, ఆమె చెట్టు గదా అని. ఈడ గూడా మీ మాదిరే సున్నపు నేల. చెట్టుకు కావాల్సిన ఇనుము భూమిలోనే ఉంది, సున్నం పిడికిట్లో పెట్టుకోనుంది. నీళ్లు పోసేకొద్దీ పిడికిలి బిగిస్తాది. అది తెలిసేలోగా చెట్టు పాయ."

"మరి డబ్బాలో తెచ్చింది? మురుగు కాదు, అన్నభేదే గదా?"

"అదే. ఈ నిమ్మచెట్టు గూడా పసుపెక్కినప్పుడు, దీని మీద తీగెన ఉండే గుడ్డ కారె. చుక్క పడిన కాడల్లా ఆకు పచ్చబడె, తక్కిందంతా పసుపే. సరేనని పాదులో పోస్తి. గంటకంతా తుప్పయిపాయ. సున్నం మింగేసె. నేలకు పోస్తే నేలది, ఆకుకు చల్లితేనే చెట్టుది. నిమ్మపులుపు కలిపితే నీళ్లలో తుప్పు పట్టదు."

"ఆ మాటే నాకు చెప్పరాదా? నీళ్లు తగ్గించు అంటే తగ్గించనా?"

"మొదట్లో అట్లే చెప్తి అయివారూ. ఏడు తోటల్లో చెప్తి. అందరూ ఊ అన్నారు. నేను బస్సెక్కంగానే కపిల తోలినారు. బతుకుతాదని ఆశుండేటోని చెయ్యి ఊరికే ఉండదు. ఆశ సచ్చిపోతేనే నీళ్లు ఆగుతాయి." గుడ్డ తీగ మీద వేసి, తడి చేతిని అయివారి భుజం వైపు ఎత్తి, మచ్చ గుర్తొచ్చి ఆపుకొని, లుంగీకి తుడుచుకొన్నాడు. "నాలుగు నెలలు నన్ను తిట్టుకుంటే తిట్టుకుంటిరి. చెట్టు మిగిలె గదా."

అయివారు దగ్గరికి జరిగి, మచ్చలేని రెండో భుజం అతనికేసి తిప్పాడు.

మరుసటి ఏడు పక్కపొలం లాల్ బాషా తోట పసుపెక్కింది. ఇరవై ఎనిమిదేళ్లుగా అబద్ధమాడితే గోడకుర్చీ వేయిస్తున్న నాగభూషణం అయివారు, గట్టు మీద చెప్పులు విడిచాడు. చెట్టు ముందు తల వంచుకొన్నాడు. లేతాకు తెంపి ఎండకు పట్టాడు.

"దినామూ నీళ్లు కడతాండా అయివారూ" అన్నాడు లాల్ బాషా ఏడుపుగొంతుతో. "ఎట్లుంది?"

అయివారు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"బతకదప్పా."

వెనక నిలబడ్డ శాంతకుమారి, కొంగున కట్టుకొచ్చిన నిమ్మకాయలను మెల్లగా వీపు వెనక్కి దాచుకొంది.