ఊరంతా నెట్టు ఆపిన పూట

మొన్న వాయుగుండం పట్టి మా కోట మండలంలో ఒకటిన్నర రోజు సెల్లులు పలకలేదు. జనమంతా వీధిలోకి వచ్చి ఫోన్లు పైకెత్తి చూస్తుంటే నాకు కరోనా ఏడు గుర్తొచ్చింది. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒక్క గీత సిగ్నల్ కోసం పిల్లల్ని వెంటబెట్టుకుని మేడలూ గట్లూ ఎక్కిన రోజులు.

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. రొయ్యల చెరువుల దగ్గర పనికి చేరాక లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. చెరువులో నాలుగు చోట్ల వల విసిరి, పడిన రొయ్యల్ని ఎంచి, తూచి, నీళ్ల కింద కంటికి కనపడని పంట ఎంతుందో, దానికి ఎంత మేత పడాలో తేల్చడం నా పని. మేత వేసే చోటే వల విసిరితే రొయ్యలు గుంపుగా పడి లెక్క తప్పుతుందని పనివాళ్లకు వందసార్లు చెప్పి ఉంటాను.

ఆ ఏడు నెల్లూరులో హాస్టలు మూసేయడంతో, డిగ్రీ రెండో ఏడు చదివే మా చెల్లెలి కూతురు ఇల్లు చేరింది. పాఠాలన్నీ ఫోన్లోనే. మాస్టారి బొమ్మ కదిలితే మాట వచ్చేది కాదు, మాట వస్తే బొమ్మ నిలిచిపోయేది. పరీక్షలూ అంతే, రాసిన పేజీలు ఫోటోలు తీసి పావుగంటలో పంపాలి. నేను తెల్లవారుజామున చెరువులకు వెళ్లేటప్పుడు ఆమె ఫోను పట్టుకెళ్లి, గట్టు మీద ఇరవై అడుగులకొకసారి ఆగి, ఒక్కో ఫోటో ఎన్ని సెకన్లలో పోతుందో కాగితం మీద రాసుకుని, తూము పక్కన అన్నిటికంటే తొందరగా, ఎనిమిది సెకన్లలో పోతోందని తేల్చాను. పరీక్ష నాడు అక్కడే గొడుగు కట్టి బల్ల వేశాను.

పన్నెండున్నరకు రాయడం ముగిసింది. పావుగంటలో పద్నాలుగు పేజీల్లో మూడే పోయాయి. సాయంత్రానికి ఆమె పేరు ఎదుట గైర్హాజరు పడింది. ఒక పేపరైతే మళ్లీ రాసుకోవచ్చు, రెండోదీ పోతే ఏడాది పోయినట్టే. వాళ్ల నాన్న, అదే మా బావ, కోపమేమీ లేకుండానే, ఎటూ కుదరడం లేదు కదా, రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరిపొమ్మన్నాడు. ఆ పిల్ల పుస్తకాలు సంచీలో సర్దేసి నా వైపు తిరిగింది.

“మామా, నువ్వు కొలిచినావే, అది తెల్లారి. అప్పుడు ఊరంతా నిద్దర పోతుంటది. పన్నెండు గంటలకి ఒక్కసారన్నా కొలిచినావా?”

మేత దగ్గరే వల విసిరిన మనిషిని నేనే అయ్యాను.

మరునాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అరగంటకొకసారి కొలిచాను. తెల్లవారి ఎనిమిది సెకన్లలో పోయే పేజీకి మధ్యాహ్నం ఐదు నిమిషాలు పడుతోంది. పనుల్లేక ఇళ్లలో ఉన్నవాళ్లంతా అదే టవరు మీద సినిమాలు చూస్తున్నారు మరి. మా పేట అరవై మూడిళ్లు. ఇంటింటికీ తిరుగుదామంటే రోగభయం. చర్చి మూసి ఉన్నా అయ్యగారు రోజూ మైకులో ప్రార్థన చేసేవారు కనుక, ఆయన దగ్గరికే వెళ్లి కాగితం అరుగు మీద పెట్టి వెనక్కి జరిగాను.

“దేవుని వాక్యానికి కట్టుకున్న మైకులో సెల్లు సంగతులు చెప్పమంటావా అబ్బయా?” అన్నారు. తర్వాత నా అంకెలన్నీ రెండుసార్లు చదివి, “సర్లే, పాపను దిగులు లేకుండా రాసుకోమను” అన్నారు.

రెండో పరీక్ష నాడు సరిగ్గా పన్నెండున్నరకు ఆయన గొంతు చెరువుల దాకా వినిపించింది.

“అమ్మా, అయ్యా, మన పేట పాప పరీక్ష కాగితాలు పంపిస్తా ఉండాది. ఈ పావుగంటా అందరూ నెట్టు ఆపుకోండి. మీ సినిమాలు యాడికీ పారిపోవు. ఏందిరా, ఆ మూలింట్లో పాట ఇంకా వినపడతానే ఉండాది!”

మూలింట్లో పాట ఠక్కున ఆగిపోయిందని, ఎదురింటి ముసలమ్మ తనది బటన్ల ఫోనే అయినా ఆపేసి, ఎందుకైనా మంచిదని ఫ్యాను కూడా ఆపి చెమటలు కక్కుతూ కూర్చుందని మా చెల్లెలు తర్వాత చెప్పింది. తూము దగ్గర నేను సెకన్లు లెక్కపెడుతున్నాను. మొదటి పేజీ పదకొండు, రెండోది పది. పద్నాలుగోది పోయేసరికి ఇంకా పది నిమిషాలు మిగిలాయి. “పోయినాయి మామా, అన్నీ పోయినాయి!” అని ఆ పిల్ల కేకపెడితే, నేను నమ్మలేక మళ్లీ ఒకటి నుంచి ఎంచాను.

మిగిలిన పరీక్షలన్నీ అలాగే గట్టెక్కాయి. పోయిన పేపరు మళ్లీ రాసి నెగ్గింది. ఇప్పుడు గూడూరులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతోంది.

మా పేట పక్కనే కొత్త టవరు వచ్చింది. ఒకటి అని అనేలోపే పేజీ వెళ్లిపోతుంది, ఎవరి కోసం ఎవరూ ఏదీ ఆపనక్కర్లేదు. ఆ అవస్థ మళ్లీ ఏ పిల్లకూ రాకూడదనే నా కోరిక. కాకపోతే ఆ నెలంతా అరవై మూడిళ్లలో ఏ గడపలో అడిగినా, మా పాప ఏ రోజు ఏ పేపరు రాస్తోందో చెప్పేవారు. ఫలితాలు వచ్చిన పొద్దున నేను ఇంట్లోంచి బయటికి రాకముందే మార్కులు ఎన్నని వాకిట్లో నిలబడి అడిగారు. ఈ ఏడు మా వీధిలో ఎంతమంది పిల్లలు పరీక్షలు రాస్తున్నారో నాకు తెలియదు.