సీనుగాని పెట్టె, శుక్రారం కొండ

మడమ కాడ నిలువని సాక్సులు తయారుచేసెటోని మీద నాకు మస్తు కోపమున్నది. షాపుల పట్టి సూస్తే దిట్టంగనే ఉంటయి. బూటుల కాలు వెట్టి నాలుగడుగులు ఏసినమా, జారుకుంట జారుకుంట పోయి వేళ్ల కాడ ముద్దయితయి. జతలు మార్చిన, షాపు మార్చిన, అన్నీ ఒక్క తీరు దొంగలే. కొండ గురించి రాస్తనని సాక్సుల మీద ఏడుస్తుండేంది ఈ ముసలోడు అనుకోకుండ్రి. బహ్రెయిన్‌ల శుక్రారం పొద్దుగాల కుక్కను తోలుకొని కొండకు పోదామనుకునేటోళ్లు ఉంటే మొదాలు కాలి సంగతి సూసుకోవాలె, ఆ తర్వాత నా ముచ్చట సదువాలె.

నేను అమ్వాజ్‌ల ఒక బిల్డింగుకు వాచ్‌మన్‌ను. మాది జగిత్యాల దిక్కు. ఆరో తరగతి కాడ సదువుకు నాకు పొత్తు చెడింది. మా బిల్డింగుల మూడో అంతస్తుకు నార్వే దేశం మొగుడు పెండ్లాలు వచ్చిన్రు, ఎంబడి ఒక తెల్ల కుక్క. దాని బొచ్చు సూస్తే దూదిపరుపు నడిసొచ్చినట్టు ఉంటది. వాళ్ల ఊరు భూమికి పైకొసన ఉంటదట. సముద్రం కొండల సందులకు చొచ్చుకొని పోతదట, ఆ నీళ్ల ఒడ్డు నుంచే కొండలు నిటారుగ లేస్తయట. సెలవు రోజైతే సారు, కుక్క కలిసి ఆ కొండలెక్కుడే పని. చలికాలం రెండు నెలలు ఆడ పొద్దే పొడువదని సారు చెప్తే, మరి డ్యూటీకి ఎట్ల లేస్తరు సార్ అని అడిగిన. నవ్విండు. గా సారు పోయినేడు గుండె ఆగి పోయిండు. అప్పటిసంది మేడం గడప దాటుడే తక్కువ. నాకు తెల్సిన హిందీల, ఆమెకు తెల్సిన హిందీల ఒక్కసారే అన్నది, ఆయన లేని కొండ నాకెందుకని. మళ్ల ఆ ముచ్చట తీయలే. కుక్క మాత్రం సెలవు దినం పొద్దుగాల దర్వాజ కాడికొచ్చి కూసునేది. దాని పేరు మంచు అని అర్థమొచ్చే వాళ్ల మాట, నా నోరు తిరుగక సీను అన్న. అదే ఖాయమైంది.

మేడం సొంతూరికి మర్లిపోవాలనుకున్నది. ఇల్లు ఖాళీ చేసే తారీఖు ఖరారైంది. కుక్కను ఇమానంల పంపాలంటే పెద్ద ప్లాస్టిక్ పెట్టెల వెట్టాలె. తలుపేసినంక అది గన్ని గంటలు నిమ్మలంగ పండాలె. కొట్టుకుంటే ఎక్కించుకునేది లేదన్నరు ఇమానపోళ్లు. ఎండలు ముదిరినంక అసలే తీసుకునేది లేదన్నరు. అంటే అప్పటికి అలవాటు కాకపోతే సీనుగాన్ని ఎవలో తెల్వనోళ్లకు ఇచ్చిపోవాలె. మేడం పెట్టె కొన్నది. వాడు దాన్ని సూసుడుతోనే మంచం కిందికి దూరిండు. నేను మటన్ ముక్క లోపల వెట్టిన. మెడ సాపి ముక్క గుంజుకున్నడు, ఎనుక కాళ్లు మాత్రం బయటనే. నా కంటే ఉషారున్నోని తోటి నేనేం ఆడుత. మేడం ఆ పెట్టె పక్కనే కూలబడి, ఈన్ని గూడ ఇడిసివెట్టి పోవాల్నా బాబా అన్నది.

అప్పుడు ఖాజా భాయ్‌ను పిలిచిన. నిజామాబాద్ మనిషి, పికప్ నడుపుతడు, రూము మామీర్‌ల. పెట్టె ముచ్చట తర్వాత సూద్దాం, ఈన్ని ఒక్కసారి కొండకన్న తిప్పుకొద్దాం అన్న. ఖాజా దూరం జరిగి నిలవడ్డడు. మధ్యాన్నం జుమ్మా నమాజు, కుక్క ఎంగిలి బట్టలకు అంటితే కష్టం, నా సీటు మీద వద్దే వద్దు, ఎనుక ఆ పెట్టెల వెట్టుకొని రా అన్నడు. ఆయనకు తన నమాజు ఫికరు. గట్ల ఆ పెట్టె బండెక్కింది. మొదటి శుక్రారం తలుపు ఊడదీసి, ఇద్దరు మనుషులం లేపి లోపల వెట్టినం. ఆ ఇద్దరిల ఖాజా లేడు, బిల్డింగు ఊడ్చే బెంగాలీ పిల్లగాడు. దారి పొడుగునా సీనుగాడు ఏడ్సిండు. కొండ కాడ దించినంక మాత్రం బాణం లెక్క ఉరికిండు. రాను రాను వానికి సమజైంది, ఈ పెట్టెల కూసుంటే కొండ వస్తదని. తలుపు బిగించినం, తర్వాత దగ్గరికేసినం, తర్వాత గొళ్లెం వెట్టినం. చలికాలం అంత గిదే పని.

ఇగ ఆఖరి శుక్రారం ముచ్చట. ఆదివారం ఇమానం. పొద్దుగాల అయిదింటికి ఖాజా అమ్వాజ్‌కు వచ్చిండు. మామీర్ నుంచి ఈడికి రావాలె, మళ్ల మామీర్ ముంగటి నుంచే పోవాలె, నీ కుక్కకు నేనే నౌకర్‌ను అని గొణిగిండు. సీనుగాడు తనంతట తనే పెట్టెల దూరి పండుకున్నడు. "కాకా, నీ కంటే ఈడే నయం, బండెక్కంగనే నోరు మూస్కుంటడు" అన్నడు ఖాజా. నీ పొట్ట సూసి భయపడి మూస్కుంటుండు అన్న. ముహరఖ్ దాటి, సిత్రా వంతెన మీదికెళ్లి రిఫా, ఆడికెళ్లి అవాలీ. రోడ్డు ఖాళీ ఉంటే ముప్పావు గంట కంటే ఎక్కువ పట్టదు. రిఫాల మలయాళీ హోటల్ కాడ చాయ్, పరాటా తిన్నం, ఇద్దరికి కలిపి ఒక దీనార్ గూడ కాలే. పెట్రోలుకు ఇంకో రెండు దీనార్లు ఏసుకోండ్రి, అంతే కర్సు.

జబల్ దుఖాన్ అంటే ఈ దేశంల అన్నిటికంటే ఎత్తు కొండ. మా కొండగట్టును సూసినోళ్లకు నవ్వొస్తది. అసలు కొన మీద కంచెలున్నయి, బోర్డులున్నయి, ఆడికి పోవద్దు. మేం దాని పక్కన కంచె లేకుండ ఇడిసిపెట్టిన రాళ్ల గుట్ట ఎక్కుతం. నిమ్మలంగ పోతే అరగంట. కింద అంత ఆయిలు పైపులు, గంగిరెద్దుల లెక్క తలలూపే మిషన్లు. చెట్టు లేదు, నీడ లేదు. సీనుగాడు ముంగట ఉరికి, మళ్ల ఎనుకకొచ్చి నన్ను సూసి, మళ్ల ఉరుకుతడు. సారు ఎంబడి గూడ గిట్లనే పోయెటోడేమో.

పైన కూసున్నం. ఆఖరిసారి గదా, దిగబుద్ది కాలే. ఖాజా గూడ యల్లా యల్లా అని తొందరవెట్టలే. గదే మేం చేసిన తప్పు. మార్చి నెల, పొద్దు ఎక్కుడుతోనే రాళ్లు కాలుడు మొదలైంది. దిగుదామని లేస్తే సీనుగాడు నాలుగడుగులు ఏసి ముందటి కాలు పైకి లేపిండు. అరికాలు మెత్త కాడ తోలు లేసొచ్చింది. పండుకున్నడు, ఇగ లేవడు. రేపు డాక్టరు సూసి సంతకం వెడితేనే ఇమానం. కుంటుతున్న కుక్కకు సంతకం వెడతడో లేదో. నా రుమాలు చింపి కట్టిన. లేపుదామని సూసిన, నా నడుము కటుక్కుమన్నది. దూదిపరుపు అనుకున్న గని లోపల ఇనుము.

ఖాజా  పొద్దు దిక్కు సూసిండు, చేతి గడియారం సూసిండు. అంగీ చేతులు పైకి మడిచి వంగిండు. అన్ని శుక్రారాలల్ల ఒక్కసారి వాన్ని వేలితోటి ముట్టనోడు, రెండు చేతులేసి రొమ్ముకు ఆనించుకొని లేపిండు. సీనుగాడు పెయ్యంత ఎంగిలి చేసిండు, గదువ కాడ సుత నాకిండు.

"నమాజు, భాయ్" అన్న నేను.

"తానం జేస్తే ఇది పోతది కాకా. ఈన్ని ఈడ ఇడిస్తే అది పోదు" అన్నడు.

ఖాజా మామీర్‌ల ఆగి, తానం జేసి, బట్టలు మార్చుకొని మజీదుకు ఉరికిండు. ఆఖరి వరుసల జాగ దొరికిందట. తెల్లారి డాక్టరు సూసి పైతోలే లేసిందన్నడు, మందు పూసిండు, సంతకం వెట్టిండు.

ఆదివారం ఏర్‌పోర్టుల సామాన్ పంపే కాడికి ఖాజా బండిల్నే తీస్కపోయినం. ఆడ పెట్టె దించి, తనిఖీకని తలుపు తీసి సీనుగాన్ని బయటికి తెచ్చినం. మళ్ల లోపలికి పోతడో లేదో అని మేడం సూసుకుంట నిలవడ్డది. సీనుగాడు పెట్టెను సూసిండు, ఖాజాను సూసిండు, కుంటుకుంటనే పోయి లోపల పండుకున్నడు. గొళ్లెం వెట్టినా సప్పుడు చెయ్యలే. తోక మాత్రం ఆడుతున్నది. కొండకే పోతున్న అనుకున్నడు. మేడం నా చెయ్యి పట్టుకొని ఏడ్సింది, సంబురానికి. నేను ఖాజా మొఖం సూడలే, ఖాజా నా మొఖం సూడలే.

శుక్రారాలు ఇప్పుడు ఖాళీగనే ఉంటయి. ఒక్కన్నే ఓసారి ఆ గుట్ట ఎక్కిన. ఎత్తు గంతే ఉన్నది గని నడుమ రెండుసార్లు కూసున్న. ముంగట ఉరికి, ఆగి, మర్లి సూసెటోడు లేకపోతే కాళ్లకు తొందర ఉండదని అప్పుడు సమజైంది. సారు పోయినంక మేడం ఆ మూడో అంతస్తు ఎందుకు దిగలేదో గూడ అప్పుడే సమజైంది. ఇగ మీకు చెప్పే ఉపాయం ఒక్కటే. కుక్కను తోలుకపోతే, మీ అరిచెయ్యి రాయి మీద ఆనించి సూడుండ్రి. చెయ్యి ఆగకపోతే కుక్క కాలు గూడ ఆగదు, చాయ్ గీయ్ అనకుంట అప్పుడే దిగుండ్రి.

మొన్న మేడం ఫోటో పంపింది. చుట్టూ మంచు, కింద నల్లటి సముద్రం, ముంగట సీనుగాడు మర్లి సూస్తుండు. ముక్కు ఎర్రగైన మేడం కొండ మీద నిలవడ్డది. నువ్వు చెప్పినట్టు ప్రతి వారం చేస్తున్న బాబా అని రాసింది. అదేందంటే, సామాన్ కాడ ఆమె ఇంకేమన్న జాగ్రత్తలున్నయా అని అడిగితే నేను చెప్పిన. గిట్ల పెట్టె అలవాటు చేసిన కుక్కను, ఆడ దిగినంక పెట్టె తలుపు తీసిన మనిషే వారం వారం కొండెక్కియ్యాలె, లేకపోతే తిండి మానేస్తదని, ఇది పక్కా రూలని. ఖాజా గూడ పెద్దమనిషి లెక్క తలకాయ ఊపిండు. ఆమె ఫోనుల రాసుకున్నది. మేడంకు తెలుగు రాదు కాబట్టి ఈడ ఒప్పుకుంటున్న, అసుంటి రూలేం లేదు, ఆడ నిలవడి నేనే అల్లిన.