ఆమేన్ అనేదాకా ఎవరూ ఆపకూడదు

మా చిన్నప్పుడు... మా గుడిలో అందరూ కళ్లు మూసుకున్నాకనే అసలు కథ మొదలయ్యేది.

శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ పోయే దారిలో, కాస్త లోపలికి ఉండే పల్లె మాది. కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మాట. మట్టిగోడలు, బోదగడ్డి కప్పు, కింద నాపబండలు... అదే మా గుడి. చర్చి అని మేం ఎప్పుడూ అన్లేదు. బయట వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కే గంట. పాదిరి అయ్యగారు నంద్యాల నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలన్నీ మా ఉపదేశి అయ్యగారే. వాక్యం చెప్పడం అయినాక "ఎవరన్నా నోరు తెరిచి ప్రార్థన చేయండమ్మా" అని ఆయన కూర్చునేవారు.

దానికొక కట్టుబాటు ఉండేది. ఒకరు ప్రార్థన మొదలుపెడితే, ఆమేన్ అనేదాకా ఇంకొకరు నోరెత్తకూడదు... కళ్లు తెరవకూడదు. ఇంక మా ఆడోళ్లను పట్టేదెవరు! ఇంట్లో చెప్పలేనివన్నీ అక్కడే బయటపడేవి. "ప్రభువా, మా ఇంటాయనకు సారాయి వాసన గిట్టకుండా చెయ్యి" అని ఒకామె అంటే, ఆయన మొగోళ్ల వైపు కూర్చోని తలొంచుకునేవాడు. ఏం చేస్తాడు పాపం!

మా అమ్మకూ పెద్దమ్మకూ ఈ కట్టుబాటు భలే పనికొచ్చింది. పెద్దమ్మంటే మా పెదనాయన భార్య. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. నేను ఏ ఇంట్లో తిన్నానో, ఏ ఇంట్లో పడుకున్నానో అడిగేవాళ్లు లేరు. అట్లాంటిది ఒక మేక వచ్చి అంతా చెడగొట్టింది...

పంట పండగకు ప్రతి ఇంటి నుంచీ మొదటి పంట గుడికి తీసుకుపోవాల. అమ్మ ఏరి ఏరి పెద్ద జొన్న కంకులు కట్ట కట్టి పంచలో గుంజకు వేలాడదీసింది. పండగ ముందురోజు పెద్దమ్మ మేక తాడు తెంపుకోనొచ్చి కంకులన్నీ మేసేసింది. అమ్మ ఏడ్చింది. పెద్దమ్మ వచ్చి చూసి, "పోనీలేమ్మే, దేవుడొచ్చి తింటాడా ఏందీ? నోరులేని జీవం తినింది" అనేసింది. అంతే!

ఆ పూట నుంచి మాటల్లేవు. నన్ను పెద్దమ్మ గడప తొక్కొద్దని చెప్పేసింది అమ్మ. గుడిలో మాత్రం మాటలే మాటలు... దేవుణ్ణి అడ్డం పెట్టుకోని. "ప్రభువా, నీ సొమ్ము మేకకు మేపి నవ్వేవాళ్లను క్షమించు" అని అమ్మ. ఆమె ఆమేన్ అందో లేదో, "తండ్రీ, కంకి కోసం కడుపులో నిప్పులు పెట్టుకున్నోళ్లను చల్లార్చు" అని పెద్దమ్మ. మేం పిల్లోళ్లం నోటికి చేతులు అడ్డం పెట్టుకోని ఒకటే నవ్వు. ఉపదేశి అయ్యగారు దగ్గేవారు... అంతకుమించి ఆయన మాత్రం ఏం చేస్తారు?

నవ్వులాట అందాకే. అప్పటికి అమ్మకు నెలలు నిండుతాండాయి. నా తర్వాతి కాన్పులో బిడ్డ దక్కలేదు. అమ్మన్నా దక్కిందంటే అది పెద్దమ్మ చేతి చలవే... ఈసారి ఎవరొస్తారు? నాయన "పోయి వదినను పిలుస్తా" అంటే, "పోతే నా మీద ఒట్టే" అనింది అమ్మ. పెద్దమ్మేమన్నా తక్కువ తినిందా! "పిలవని కాన్పుకు నేను పోను" అని పెదనాయనకు తెగేసి చెప్పిందంట. అమ్మ చచ్చిపోతుందేమో అని నాకు ఒకటే దిగులు. నడిమి గోడకు చెవి ఆనించి, ఆ పక్క పెద్దమ్మ గాజుల చప్పుడు వినుకుంటా కూర్చునేదాన్ని.

ఆ ఆదివారం పెద్దమ్మ మోకాళ్ల మీదికి లేచింది. మళ్లీ మేక కథే అనుకున్నాం అందరం.

"తండ్రీ... నిండు చూలాలు. అంత పెద్ద కడవ ఎత్తుకోని బాయి మెట్లు దిగుతాండాది. మెట్లన్నీ పాచి. నేను చెప్తే ఇనదు... నా మాట గిట్టదు దానికి. నువ్వన్నా చెప్పు సామీ. పోయినసారి బిడ్డను నా చేతుల్లోంచే తీసుకుంటివి... ఈసారి తల్లినీ బిడ్డనూ ఇద్దర్నీ నాకియ్యి. దేవుడొచ్చి తింటాడా అన్నందుకు నా నోట్లో మన్ను పొయ్యి... దాన్ని మాత్రం ఏం చేయొద్దు..."

అక్కడికి ఆగిపోయింది. ఆమేన్ అనలేకపోయింది. ఆమేన్ లేకుండా ఎవరు కళ్లు తెరుస్తారు? గుడంతా అట్లే కూర్చుంది. నేను మాత్రం తెరిచినాను...

అమ్మ బండ మీద చెయ్యి ఆనించి లేచింది. ఆడోళ్ల నడుమ నుంచి మెల్లగా పోయి, పెద్దమ్మ పక్కన కూలబడింది.

"ఆమేన్" అనింది అమ్మ. "ఇంటికి పోదాం పా అక్కా."

మా తమ్ముడి మొదటి ఏడుపు విన్నది పెద్దమ్మే. పాదిరి అయ్యగారు వచ్చి వాడికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఎత్తుకున్నదీ ఆమే. మరుసటేడు పంట పండగకు, కంకులు కాదు, ఆ మేకనే తోలుకొచ్చి గుడికిచ్చేసింది మహాతల్లి! పండగకు వచ్చినవన్నీ గుడి ముందర వేలం వేస్తే, దాన్ని మా నాయనే పాడుకున్నాడు... దొంగమేక చివరికి మా ఇంటికే చేరింది.

మొన్న ఊరికి పోయినాను. గుడి పెద్ద కట్టడమైంది... మైకులు, కుర్చీలు, ఫ్యాన్లు. సంతోషమే. ప్రార్థనలు కూడా చక్కగా చేస్తాండారు, ఒక్క తప్పు లేదు. ఎవరి కష్టమైనా ఫోన్‌లో గ్రూపులో పెడితే, అందరూ చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటాండారు. ఎవరూ ఎవర్నీ దేవునికి పట్టివ్వడం లేదు... నాకెందుకో వెలితిగా అనిపించింది.

అమ్మా పెద్దమ్మా ఇప్పుడు గుడి వెనక సమాధుల్లో పక్కపక్కనే ఉండారు. నడుమ గోడ కూడా లేదు...

మీ ఇండ్లల్లో కూడా దేవుణ్ణి నడుమ పెట్టుకోని మాట్లాడుకున్నోళ్లు ఉంటే కింద రాయండి. మీవాళ్లు అనలేక వదిలేసిన ఆమేన్ ఏదన్నా ఉంటే... నేనంటాను.