ఎల్ పట్టని బోర్డు

నాచారం మెయిన్ రోడ్డు మీద మా మడిగె. జిరాక్సు, డీటీపీ, ఫ్లెక్సీలు, షాపు బోర్డులు. మా ఆయన మల్లాపూర్‌ల ఇనుప ఫ్రేములు చేయించుకొచ్చి బోర్డులు బిగిస్తడు, నేను కంప్యూటర్ ముందు కూసుంట. పద్దెనిమిదేండ్లాయె. మెడ పట్టేస్తది, కండ్లు మండుతయి. అయినా పొద్దున షటర్ లేపక తప్పుతదా.

మా పనిల నన్ను అన్నిటికన్న సతాయించేది కొత్త షాపుకు పేరు. ఇక్కడ ఒక పద్ధతున్నది. ఇంట్ల అందరి పేర్ల మొదటి ఇంగ్లీషు అక్షరాలు చీటీ మీద రాసుకొస్తరు. "అక్కా, ఇవన్ని ఒక్క మాటల పడాలె, మంచి ఇంగ్లీషు మాట ఉండాలె" అంటరు. రెండు మాటలు చేద్దమంటే ఒప్పుకోరు. ఇంటోళ్ళంతా ఒక్క మాటల ఉంటేనే ఇల్లు కలిసుంటదట! ఉప్పల్ దాక పోయి చూడుండ్రి, ఎన్ని బోర్డులు గిట్ల పుట్టినయో.

ఇదివరకు పిల్లల డిక్షనరీ ముందలేసుకొని ఎతుకుతుంటి. ఇప్పుడు అక్షరాలు కొడితే, అవి ఉన్న మాటలన్ని చూపించే సైట్లొచ్చినయి. చూపిస్తయి, సరే. ఏరుకునేది నేనే గద. నేను చదివింది తెలుగు మీడియం ఇంటరు. ఒక్కొక్క మాట నొక్కి, దాని అర్థం చూసి, పనికిరాకపోతే ఇంకోటి. బియ్యంల రాళ్ళేరుడే అది.

మొన్న ఎండాకాలం ఒకనాడు పొద్దున ఒకామె వచ్చింది. ముప్పై ఏండ్లుంటయేమో. ఇంట్లనే వండి మల్లాపూర్ కంపెనీలోళ్ళకు డబ్బాలు కడుతుండెనట, ఇప్పుడు సందు మొదట్ల కర్రీ పాయింట్ తెరుస్తున్నరు. చీటీ నా చేతిల పెట్టింది. వి, ఆర్, హెచ్, ఎస్.

"వి మా ఆయన, ఆర్ మా అత్తమ్మ, హెచ్ కొడుకు, ఎస్ బిడ్డ" అని చెప్పింది.

"మరి నీది?"

"నాదెందుకక్కా? నేను పొయ్యి కాడనే ఉంట గద."

"వండేదెవరు?"

"నేనే."

"ఇంకెవరన్న చెయ్యేస్తరా?"

నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. "నీ అక్షరమేందో చెప్పు చెల్లె" అని గట్టిగనే అడిగిన. బల్ల మీద గోటితోని గీసుకుంట "ఎల్" అన్నది. చీటీ మీద అది కూడ రాసుకున్న. ఆమె బయట మెట్టు దాక పోయి, మళ్ళ తిరిగి చూసింది. "పడ్తదా అక్కా?"

ఆ అడుగుడు విన్నంక ఎట్లన్న పట్టియ్యాలె అనుకున్న.

ఎల్ లేకుంటే పని ఐదు నిమిషాలది. హార్వెస్ట్ అని దొరికింది. పంట కోత. కర్రీ పాయింటుకు ఇంకేం కావాలె? అదే ఎల్ కూడ కొట్టంగనే లిస్టు చిన్నగైపోయింది. ఒకటి పురుగు పేరు, పాత పుస్తకాలు తినే పురుగట. కూరల షాపుకు పురుగు పేరు పెడితే ఇగ అయినట్టే! ఇంకోటి ష్రివెల్. అర్థం చూస్తే, ఎండి ముడుచుకపోవుడు. మిగిలినయి నాకే నోరు తిరగలే, గిరాకీలేం పలుకుతరు. జిరాక్సుకొచ్చినోళ్ళను నిలబెట్టి మరీ ఎతికిన. పొద్దుగూకే దాక నా అన్నం డబ్బా మూత తియ్యలే.

సాయంత్రం మొగడు పెండ్లాం ఇద్దరొచ్చిన్రు. స్క్రీన్ అటు తిప్పి చూపించిన.

"ష్రివెల్ అంటే ఏందక్కా?" అని అడిగిందామె. చెప్పిన.

"పొద్దున ఐదింటి సంది పొయ్యి కాడ నాకయ్యేది అదే గద!" అని పకపక నవ్వింది. ఆయన కూడ నవ్విండు. నాకు నవ్వు రాలే.

"పద్ధతి గిద్దతి పక్కన పెట్టుండ్రి, రెండు మాటలు చేద్దం" అన్న. "హార్వెస్ట్ మీల్స్. మీల్స్‌ల ఎల్ ఉన్నది." ఆయన చెడ్డోడేం కాదు, "మీ ఇష్టం మేడం" అన్నడు. ఆమెనే అడ్డం పడ్డది.

"వద్దక్కా. వాళ్ళంతా ఒక మాటల ఉండి నాదొక్కటి విడిగుంటే, ఇంట్లకెల్లి నేను బయటికొచ్చినట్టుంటది. నాది లేకున్నా ఏం కాదు. ఎవ్వరు సూస్తరు?"

నేను పొద్దంత అదే చూసిన గద తల్లీ! నోటి దాక వచ్చింది, మింగిన. హార్వెస్ట్‌కే సరే అని కాయితం మీద సంతకం పెట్టిన్రు. మెట్లు దిగుతుంటే ఆమె వెనక్కొచ్చి, నా చెయ్యి పట్టుకొని, "నాదేదని నువ్వొక్కదానివే అడిగినవక్కా" అనేసి పోయింది.

వాళ్ళు పోయినంక ఇగ కుర్చీల కూసోబుద్ధి కాలే. బయటికొచ్చి నిలబడ్డ. బస్సుల పొగ, దుమ్ము. ఊకెనే మా బోర్డు దిక్కు కన్ను పోయింది. ఎంపైర్. పదడుగుల మడిగెకు సామ్రాజ్యం పేరు! ఎం మా ఆయన, పి పెద్దోడు, ఆర్ చిన్నోడు. ఆ మాట డిక్షనరీల పట్టి తీసింది నేనే. కంప్యూటర్ల కొట్టింది నేనే. రంగు ఏదుండాలెనో చెప్పింది కూడ నేనే. నాది జె. జె గురించి నన్నెవ్వరు అడగలే. ఎవ్వరో ఎందుకు, నన్ను నేనే అడగలే. పొద్దున ఆ పిల్లను గదమాయించిన నోరు ఇదేనా అనిపించి సిగ్గయింది. ఏడుపు కూడ వచ్చింది.

అంతల మా ఆయన బండి ఆపిండు, హార్వెస్ట్ బోర్డు కొలతలు రాసుకుందమని వచ్చిండు.

"ఏంది, బయట నిలబడ్డవ్?"

"మన బోర్డుల నా అక్షరం ఏది?" అన్న.

నా మొకం చూసిండు. తలెత్తి బోర్డు చూసిండు. దాన్ని రెండుసార్లు దించి, తుడిచి, కొత్త ఫ్లెక్సీ ఎక్కించిన చేతులు ఆయనవే. పెదవులు కదుపుకుంట ఒక్కొక్క అక్షరం చదివిండు. మళ్ళ మొదటికెల్లి చదివిండు.

"లేదా?" అన్నడు.